సినిమా చూపని ఫ్రాన్జ్

2019లో టెరెన్స్ మాలిక్ తీసిన ‘ఎ హిడెన్ లైఫ్’ చూసి కళ్లు తుడుచుకున్న వారిలో మేమూ ఉన్నాం. మబ్బుల్ని తాకే పర్వతాలు, వాటి నీడలో గడ్డి కోసుకునే రైతు ఫ్రాన్జ్ యేగర్‌స్టెట్టర్! నిజానికి ఆస్ట్రియాలోని ఆయన ఊళ్లో అంతటి పర్వతాల్లేవు. చాలా దృశ్యాలు ఇటలీలో తీశారు. అది పెద్ద లోపం కాదు. కాని ఆయన పుట్టుకతో పరిశుద్ధుడు కాడన్న సంగతి సినిమాలో కనిపించదు.

1907లో పుట్టిన ఫ్రాన్జ్ పెళ్లికి ముందే ఒక ఆడపిల్లకు తండ్రయ్యాడు. 1936లో ఫ్రాన్సిస్కాను పెళ్లాడాక ప్రార్థన, బైబిలు పఠనం ఆయన దినచర్యలయ్యాయి. 1938లో ఆస్ట్రియాను జర్మనీలో కలపరాదని ఊరంతటిలో ఓటేసింది ఆయనొక్కడే. 1940లో సైనిక శిక్షణకు వెళ్లాడు కూడా. 1943 ఫిబ్రవరిలో మళ్లీ పిలిస్తే మాత్రం హిట్లర్ కోసం ఆయుధం పట్టనన్నాడు. క్షతగాత్రులకు సేవ చేస్తానంటే ఒప్పుకోలేదు. లిన్జ్ బిషప్పు సైతం అంతకుముందే కుటుంబ బాధ్యత గుర్తుచేసి పంపేశాడు. ఇంట్లో ముగ్గురు పసిబిడ్డలు మరి! భార్య మొదట నచ్చజెప్పబోయింది, ఆ తర్వాత ఆయన పక్షానే నిలిచింది. ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్ జైల్లో గిలెటిన్‌తో ఆయన తల నరికారు. అప్పటికి వయసు 36.

సినిమా దాదాపు అక్కడే ముగుస్తుంది. ఫ్రాన్సిస్కా కష్టాలు మాత్రం ముగియలేదు. ఊరివాళ్లు ఆమెనే నిందించారు. యుద్ధ వితంతువుల పింఛను ఆమెకు 1950 దాకా అందలేదు. 2007లో కథోలిక సంఘం ఫ్రాన్జ్‌ను ధన్యుడిగా ప్రకటించినప్పుడు లిన్జ్‌లో జరిగిన ఆరాధనకు 94 ఏళ్ల ఫ్రాన్సిస్కా కూడా వచ్చింది.