వేలూరు డాక్టరమ్మ

మా చిత్తూరు వైపు పెద్ద జబ్బంటే వేలూరు ప్రయాణమే. ఆ ఆస్పత్రి స్థాపించిన ఐడా స్కడర్ (1870-1960) అసలు డాక్టరు కాకూడదనుకున్నారట! తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని ఆవిణ్ణే బతిమాలారు. డాక్టరైన తండ్రిని మాత్రం వద్దన్నారు, మగవాడని. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు.

ఐడా అమెరికా వెళ్లి 1899లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. తనొక్కరే ఎందరికని పురుళ్లు పోస్తారు? 1918లో వేలూరులో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టారు. ఎవరొస్తారులే అన్నారు, 151 దరఖాస్తులొచ్చాయి! డిగ్రీ కాలేజీ చేయాల్సి వచ్చినప్పుడు డెబ్బై దాటిన వయసులో అమెరికాలో చందాలడిగారు. 1947లో మగపిల్లలనీ చేర్చుకుంటే, మేమిచ్చింది ఆడవాళ్లకోసమంటూ అక్కడి దాతలు కొందరు అలిగారు.