స్టెఫాన్ కోపెచ్

పురుగు రెక్కల ప్రాణిగా మారే వింత మన పూర్వులను ఎంతగానో ఆకర్షించింది. తుమ్మెద ఒక పురుగును తెచ్చి గూటిలో ఉంచి చుట్టూ ఝంకారం చేయగా, ఆ పురుగు తుమ్మెదనే ధ్యానిస్తూ చివరకు తుమ్మెద అవుతుందని చెప్పే భ్రమరకీట న్యాయం వేదాంత గ్రంథాలలో ప్రసిద్ధం. వాస్తవంలో గూడు కట్టేది కందిరీగ జాతి కీటకం; తన గుడ్డు నుండి పుట్టబోయే పిల్లకు ఆహారంగా అది పురుగును దాచిపెడుతుంది. బయటకు వచ్చేది ఆ పిల్లయే. దృష్టాంతం సాధకులకు ఉపకరించింది గాని, పాపం, పురుగు పక్షాన ఆలోచించిన వారు లేరు. గొంగళిపురుగు దేహంలో మార్పునకు ఆజ్ఞ ఎక్కడ నుండి వస్తుంది? ఈ ప్రశ్నకు కత్తితో, దారంతో సమాధానం రాబట్టినవాడు పోలండ్ దేశీయుడైన స్టెఫాన్ కోపెచ్.

ఆయన 1888లో జన్మించాడు. అప్పటికి పోలండ్ అనే స్వతంత్ర రాజ్యం లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు ఆ దేశాన్ని పంచుకొని ఏలుతున్నాయి. ఆస్ట్రియా ఏలుబడిలోని క్రాకోవ్ నగరం పోలిష్ విద్యకు ఆశ్రయంగా ఉండేది. కోపెచ్ పరిశోధనలు వికసించింది అక్కడే.

పరిశోధనకు ఆయన ఎన్నుకొన్నది లైమాంట్రియా డిస్పార్ అనే చిమ్మట. దీని గొంగళిపురుగులు ఐరోపా అడవులలో చెట్ల ఆకులను తిని మోడు చేస్తాయి. అవి చివరిసారి కుబుసం విడిచిన తరువాత కొన్ని దినాలు మేసి, ఆపై ప్యూపా దశలోకి ప్రవేశిస్తాయి. కోపెచ్ ఈ దినాలను జాగ్రత్తగా లెక్కించాడు. చివరి కుబుసం విడిచిన ఏడు రోజులలోపు మెదడును తొలగిస్తే పురుగు చావలేదు. అయితే ప్యూపాగా మారనూ లేదు. పది రోజులు గడిచిన తరువాత తొలగిస్తే మెదడు లేకుండానే మార్పు యథావిధిగా సాగింది. అనగా మెదడు తాను చేయవలసిన పనిని ఆ నడుమ దినాలలోనే ముగిస్తున్నదన్నమాట.

ఆ పని ఎట్టిది? మెదడు అంటే నాడులకు అధిపతి గనుక ఆజ్ఞ నాడుల ద్వారానే పోతుందని ఎవరైనా అనుకొంటారు. కోపెచ్ నాడీరజ్జువును తెగగోసి చూశాడు. మార్పు ఆగలేదు. పిమ్మట పురుగు నడుముకు దారం బిగించి కట్టి, ముందు భాగపు రక్తం వెనుక భాగానికి చేరకుండా చేశాడు. తగిన కాలానికి ముందే కట్టినప్పుడు ముందు సగం ప్యూపా అయింది, వెనుక సగం గొంగళిపురుగుగానే మిగిలిపోయింది! ఆలస్యంగా కట్టినప్పుడు రెండు సగాలూ మారాయి. కనుక మెదడు ఏదో ఒక పదార్థాన్ని స్రవిస్తున్నదనీ, అది రక్తం ద్వారా దేహమంతటా వ్యాపిస్తున్నదనీ ఆయన నిర్ణయించాడు. ఒక నూలుపోగు ఇంతటి రహస్యాన్ని విప్పింది.

ఈ ఫలితాలు 1917లో క్రాకోవ్ అకాడమీ పత్రికలోను, 1922లో అమెరికాలోని ఒక జీవశాస్త్ర పత్రికలోను వెలువడ్డాయి. గ్రంథులే హార్మోన్లను స్రవిస్తాయి, నాడీకణాలకు ఆ పని లేదు అనే అభిప్రాయం నాడు బలంగా ఉండేది. కీటకాలకు హార్మోన్లు ఉంటాయనడమే సాహసం. వాటిని మెదడే ఇస్తుందనడం మరింత సాహసం. పండితలోకం ఆయన మాటను చాలాకాలం పెడచెవిని పెట్టింది. 1928లో ఎర్నెస్ట్ షారర్ చేప మెదడులో గ్రంథులవంటి నాడీకణాలను చూపినప్పుడు ఆయనకూ సందేహాలే ఎదురయ్యాయి.

పోలండ్ 1918లో తిరిగి స్వతంత్రమైంది. కోపెచ్ పువావీ పట్టణంలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసి, అనంతరం వార్సా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1939లో జర్మన్ సేనలు ఆ నగరాన్ని ఆక్రమించి విశ్వవిద్యాలయాన్ని మూసివేశాయి. 1941 మార్చి 7న, జర్మన్లతో చేతులు కలిపిన ఇగో సిమ్ అనే నటుని పోలిష్ ప్రతిఘటన వీరులు కాల్చి చంపారు. అందుకు ప్రతీకారంగా నాజీలు మార్చి 11న 21 మంది బందీలను వార్సా సమీపంలోని పల్మిరీ అడవిలో కాల్చివేశారు. వారిలో చరిత్రకారుడు జక్రజెవ్స్కీతో పాటు కోపెచ్ కూడా ఉన్నాడు.

ఆయన వేసిన త్రోవలో నడిచినవారు తరువాతి కథను పూరించారు. 1940లోనే జపాన్ శాస్త్రజ్ఞుడు ఫుకుదా, పట్టుపురుగు రొమ్ముభాగంలోని గ్రంథి మార్పునకు అవసరమని చూపాడు. మెదడు స్రావం ఆ గ్రంథిని మేల్కొల్పుతుంది. గ్రంథి మరొక హార్మోన్‌ను విడుదల చేస్తుంది. ఎక్డైసోన్ అనే ఈ రెండవ హార్మోన్‌ను 1954లో జర్మనీలో బ్యూటెనాంట్, కార్ల్‌సన్‌లు 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుండి వేరుచేశారు. దక్కింది 25 మిల్లీగ్రాములు మాత్రమే.

ఇది నిర్మాణానికే గాక వినాశానికీ ఆజ్ఞ ఇస్తుంది. పండ్ల ఈగ ప్యూపాలో ఈ హార్మోన్ పెరగగానే, పురుగుకు పనికివచ్చిన లాలాజల గ్రంథుల కణాలు తమంతట తామే నశిస్తాయి. అదే హార్మోన్ తాకిడికి రెక్కలు, కాళ్లు రూపుదిద్దుకొంటాయి. చిమ్మటలో మరొక విచిత్రం. పొట్టలోని కొన్ని కండరాలు చిమ్మట ప్యూపా తొడుగును చీల్చుకొని వెలుపలికి వచ్చేదాకా సాయపడి, రెండు దినాలలో కరిగిపోతాయి. అక్కడ మరణాజ్ఞ హార్మోన్ తగ్గుదలయే. ఈ కండరాలను పరిశీలించిన లాక్‌షిన్, విలియమ్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1964–65లో దీనికి ప్రణాళికాబద్ధ కణమరణం అని పేరు పెట్టారు. కోపెచ్ ఉన్నదని చెప్పిన ఆ మెదడు స్రావం ప్రోటీన్ అని తేలింది. పట్టుపురుగులోని ఆ ప్రోటీన్ అమైనో ఆమ్లాల వరుస 1990లో వెల్లడైంది.