తిరుత్తణి బిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబములో జన్మించారు. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి గ్రామమును బట్టి వచ్చినది. తండ్రి వీరాస్వామిగారు జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి, తల్లి సీతమ్మగారు.

చదువు ఎక్కువగా మిషను బడులలోనే సాగినది. తిరుపతిలో లూథరన్ మిషను బడి, వేలూరులో వూర్హీస్ కళాశాల, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాల. అక్కడ హిందూ మతముపై విన్న విమర్శలే ఆయనను వేదాంతమువైపు తిప్పినవి. మనకు రుచించకపోయినా ఈ సంగతి దాచనక్కరలేదు, తర్కించడము నేర్పినదీ ఆ బడులే గదా! 1910లో సైదాపేటలో ఎల్.టి. శిక్షణ పొందారు. మనలో ట్రెయినింగు చదివినవారికి ఇది సంతోషము కలిగించే విషయము.

తరువాత మైసూరు, కలకత్తా. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు. ఆ పదవిలో ఆయనకు ముందున్న కట్టమంచి రామలింగారెడ్డిగారు కూడా చిత్తూరు సీమవారే. పిమ్మట కాశీ, మాస్కో. 1952లో భారత ఉపరాష్ట్రపతి అయ్యారు.

ఇక ఆయన పుట్టిన ఊరి సంగతి వినండి. మనము ఊరు విడిచి రాష్ట్రము దాటి వచ్చినవారము. తిరుత్తణివారు ఇల్లు కదలకుండానే రాష్ట్రములు దాటారు. ఆ ఊరు 1911లో క్రొత్తగా ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరినది. 1953 అక్టోబరు 1న ఆ జిల్లాతో ఆంధ్ర రాష్ట్రములోనికి వెళ్ళినది. తిరుత్తణి తమదేనని తమిళులు మ.పొ. శివజ్ఞానముగారి నాయకత్వమున పోరాడారు. రెండు ప్రభుత్వములు హెచ్.వి. పటాస్కరుగారిని మధ్యవర్తిగా ఒప్పుకున్నవి. గ్రామమును ప్రమాణముగా తీసుకొని, ఏ భాషవారు ఎక్కువో, ఏ రాష్ట్రమునకు ఆనుకొని ఉన్నదో చూసి 1957లో ఆయన తీర్పు చెప్పారు. దానిని బట్టి 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టము చేసినది. ఆ బిల్లు రాజ్యసభకు వచ్చిన కాలమున ఆ సభాధ్యక్షులు ఎవరనుకున్నారు? రాధాకృష్ణన్ గారే!

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రములో కలిసినది. బదులుగా సత్యవేడు ప్రాంతము ఆంధ్రకు వచ్చినది. కాగితము మీద ఇది గీత మార్పే. కాని తిరుత్తణి రైతు పొలము తగాదాపై హైకోర్టుకు వెళ్ళాలంటే 1954 వరకు మద్రాసు, ఆపైన గుంటూరు, 1956 నుండి హైదరాబాదు, 1960లో మరల మద్రాసు! వర్తకుడు అమ్మకపు పన్ను కట్టే ప్రభుత్వము మారినది. కచేరీ భాష మారినది. గ్రామ లెక్కలో తక్కువగా తేలిన తెలుగువారు తిరుత్తణిలోను, తమిళులు సత్యవేడు వైపున మిగిలిపోయారు. లెక్క న్యాయమైనదే కావచ్చు, అయినా మిగిలిపోయినవారి పిల్లల చదువు సంగతి ఆ లెక్కతో తీరలేదు. 2006లో తమిళనాడు బడులలో తమిళము తప్పనిసరి చేసే చట్టము వచ్చినప్పుడు ఆ ప్రశ్న తిరిగి లేచినది.

రాధాకృష్ణన్ గారు 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగా ఉండి, మద్రాసులో స్థిరపడి, 1975 ఏప్రిల్ 17న కన్నుమూశారు. అప్పటికి తిరుత్తణి చెంగల్పట్టు జిల్లాలో ఉన్నది. ఇప్పుడది తిరువళ్ళూరు జిల్లా.