సేవామూర్తి దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు చెప్పగానే చాలామందికి ఒక ముచ్చట గుర్తుకొస్తుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో, టిక్కెట్టు లేదని నెహ్రూ అంతటివాణ్ణి గుమ్మంలోనే ఆపేసిన పద్నాలుగేళ్ళ వాలంటీరు ఆమె. నిర్వాహకులు టిక్కెట్టు కొనిచ్చాకే ఆయన్ని లోపలికి పోనిచ్చింది. ముచ్చట బాగానే ఉంది కాని, ఆమె చేసిన అసలు పని అంతకన్నా పెద్దది. ప్రభుత్వ ధనాన్నీ, స్వచ్ఛంద సంఘాల శ్రమనూ జతచేసి, వైద్యం ఎరగని పల్లెలకు నడిపించారామె.

దుర్గాబాయమ్మ 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. ఎనిమిదో ఏటే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం వద్దనుకున్నారు. కాకినాడలో తమ ఇంట్లోనే ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకెళ్ళి, మధుర జైలులో ఏకాంత నిర్బంధం అనుభవించారు. తమ తరపున మాట్లాడే దిక్కులేక శిక్షలు పడిన నిరుపేద స్త్రీలను చూసింది జైల్లోనే. లాయరు కావాలన్న పట్టుదల అక్కడే కలిగింది.

కాశీ మెట్రిక్యులేషన్ ప్యాసై ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వస్తే, ఆడపిల్లలకు హాస్టలు లేదు గనుక సీటివ్వలేమన్నారు వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డిగారు. మరొకరైతే ఇంటిదారి పట్టేవారే! ఈమె పత్రికలో ప్రకటన వేయించి, తనలాగే హాస్టలు లేక ఆగిపోయిన అమ్మాయిలను కూడగట్టి, వసతి తామే చూసుకున్నారు. విశ్వవిద్యాలయం తలుపు తెరవక తప్పలేదు. జనం సగం పని చేసి చూపితే మిగతా సగం సంస్థ చేస్తుందన్న ఈ పాఠాన్ని ఆమె జీవితాంతం మరువలేదు. 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు.

1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ మొదట మెట్రిక్ కోచింగు చెప్పింది. క్రమంగా నర్సింగ్ హోమూ, నర్సులకు శిక్షణా దాని పనుల్లో చేరాయి. చదువు, ఉపాధి, ఆరోగ్యం వేరువేరు కావని ఆ సభ నడుపుతూనే ఆమె తెలుసుకున్నారు.

రాజ్యాంగ పరిషత్తులో సభ్యురాలై, ఆపైన ప్రణాళికా సంఘంలో సాంఘిక సేవల బాధ్యత వహించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు ఆమే. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సహాయం కోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. అయితే గ్రాంటు ఇద్దామంటే సంఘాలన్నీ పట్టణాల్లోనే! అవసరం చూస్తే పల్లెల్లో. అందుకని 1954లో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలుపెట్టారు. సుమారు 25 గ్రామాలు, 20 వేల జనాభా ఒక పథకం. పిల్లలకు బాలవాడి, గర్భిణులకు శిక్షణ పొందిన మంత్రసాని, ఆడవాళ్ళకు చదువు, చేతిపని. డబ్బు ప్రభుత్వానిది, నిర్వహణ మాత్రం ఎక్కువగా అనధికార మహిళలుండే స్థానిక సంఘానిది.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. పల్లెలో ఉండి పనిచేయగల గ్రామసేవికలు, మంత్రసానులు, నర్సులు ఏరీ? పట్నం చదువులవాళ్ళు రారు. పల్లె స్త్రీలకేమో శిక్షణకు కావలసిన కనీస చదువు లేదు. మధ్యలో బడి మానేసిన స్త్రీలకు రెండేళ్ళలో ఆ చదువు చెప్పే సంక్షిప్త కోర్సులు 1958లో వచ్చాయి. నిన్న సాయం కోసం చేయి చాచిన వితంతువే రేపు ఆ ఊరికి సేవ చేసే మనిషి కావాలని వాటి ఉద్దేశం. కాలక్రమాన చాలా పథకాలను మహిళా మండళ్ళకే అప్పగించారు.

1953లో ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. 1975లో పద్మవిభూషణ్ వరించింది. 1981 మే 9న కన్నుమూశారు. హైదరాబాదు విద్యానగర్‌లో ఆంధ్ర మహిళా సభవారి ఆసుపత్రి ఆమె పేరునే మోస్తోంది.

మిత్రులారా! ఆసుపత్రి కట్టడం సర్కారు వంతు. దాని గడప తొక్కడానికి జంకే తల్లిని చేయిపట్టి తీసుకెళ్ళడం ఊరి వంతు. ఈ రెండూ కలవకపోతే నష్టపోయేది ఆ తల్లే. సెలవుల్లో ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు వెళ్ళినప్పుడు రోడ్డు ఊడ్చి ఫోటో దిగి రావడం కాదు, ఆ ఊరి నర్సమ్మ వెంట నాలుగిళ్ళు తిరిగి చూద్దాం. దుర్గాబాయమ్మను స్మరించుకోవడమంటే అదే.