జులై 15న పుట్టిన ఇంకొకరు

జులై 15 అంటే మన పిల్లలకు బాగా తెలుసు. కామరాజర్ పుట్టినరోజు. తమిళనాడు బడులన్నిటిలో ఆ రోజు విద్యాభివృద్ధి దినం. అదే తేదీన, 1909లో, రాజమండ్రిలో ఒక తెలుగు ఆడపిల్ల పుట్టింది. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఈమధ్య ప్రార్థనలో ఆమె గురించి రెండు మాటలు చెప్పి, మూడుసార్లు జైలుకు పోయింది అన్నాను. క్లాసుకు పోతూ ఒక పాప నా దగ్గరకొచ్చి, ఆమె ఏం దొంగతనం చేసింది సార్ అని అడిగింది. గంట కొట్టేశారు, జవాబు సగంలో ఆగింది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. తల్లిదండ్రులు కూడా చదవండి.

దుర్గకు ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఆ రోజుల్లో అది మామూలే. తండ్రి బెన్నూరి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. పెరిగింది కాకినాడలో. బడిలో తెలుగు తీసేసి ఇంగ్లీషులో పాఠాలు చెప్పడం మొదలుపెడితే ఆ పిల్ల ఒప్పుకోక బడే మానేసింది. (ఇది చదివి మీరెవరూ బడి మానకండి.) మానేసి ఇంట్లో ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకుంది, నేర్చుకున్నది ఊళ్ళో ఆడవాళ్ళకు నేర్పడానికి ఒక చిన్న పాఠశాల పెట్టింది. చదువు చెప్పిన టీచరు వయసు పన్నెండు దాటలేదు!

1921 ఏప్రిల్‌లో గాంధీ గారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊరంతా సంబరం. కానీ దుర్గ కన్ను పడింది ఆ సభకు రాలేని వాళ్ళ మీద. ఆ ఊళ్ళో దేవదాసీ స్త్రీలు ఉండేవాళ్ళు. దేవుడి పేరు చెప్పి చిన్నప్పుడే గుడికి ఇచ్చేసి, పెద్దయ్యాక మర్యాదస్తుల మధ్య కూర్చోనివ్వని బతుకు వాళ్ళది. ఇంకో పక్క బుర్ఖాలో ఉండే ముస్లిం స్త్రీలు. మగవాళ్ళు కూర్చున్న బహిరంగ సభకు వాళ్ళు వచ్చే మాటే లేదు. ఈ రెండు ఆచారాలూ తప్పే అని ఆ పిల్లకు గట్టిగా అనిపించింది. గాంధీ గారు ఒక్క మాట చెబితే ఆ స్త్రీలలో ధైర్యం వస్తుందని నమ్మింది.

సభ నిర్వాహకులను అడిగితే, ఐదు వేల రూపాయల నిధి పోగుచేస్తే ఐదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు. 1921లో ఐదు వేలంటే ఎంత పెద్ద మొత్తమో పిల్లలు ఇంట్లో తాతయ్యలను అడగండి. చిన్నపిల్ల ఎక్కడ తెస్తుందిలే అనుకుని ఉంటారు. దేవదాసీ స్త్రీలే ముందుకొచ్చి ఆ డబ్బు పోగుచేశారు. ఇక చోటు కావాలి. రైల్వే స్టేషనుకూ టౌన్ హాలుకూ మధ్యలో ఉన్న ఒక బడి ఆవరణ అడిగితే, అక్కడి హెడ్‌మాస్టరు సరే అన్నారు. ఒక పదకొండేళ్ళ పిల్ల వచ్చి, ఊరు దూరం పెట్టిన ఆడవాళ్ళను మీ బడిలోకి తెస్తానంటే తలుపు తీసిన మనిషి ఆయన. అదే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ చిన్న సంగతి దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

వెయ్యి మందికి పైగా ఆడవాళ్ళు వచ్చారు. గాంధీ గారు ఐదు నిమిషాలకని దిగి అరగంటకు పైగా ఉండిపోయారు. హిందీలో ఆయన చెప్పింది దుర్గ తెలుగులో చెప్పింది. వాళ్ళు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. వాటి విలువ ఇరవై ఐదు వేలని లెక్క తేలింది. దుర్గ తన చేతి బంగారు గాజులూ ఇచ్చేసింది. తర్వాత టౌన్ హాలు సభలో కొండా వెంకటప్పయ్య గారి చోట ఆ పిల్ల చేతనే గాంధీ గారు అనువాదం చేయించుకున్నారు.

ముసుగు గురించి ప్రపంచంలో చాలా చోట్ల గొడవ జరిగింది. పర్షియాలో తాహిరా అనే కవయిత్రి 1848లో మగవాళ్ళున్న సభలో ముసుగు లేకుండా నిలబడింది. అప్పటి మతపెద్దలు ఒప్పుకోని కొత్త విశ్వాసాన్ని నమ్మింది కూడా. బంధించి ఉంచి, 1852లో చంపేశారు. ఈజిప్టులో హుదా షారావీ 1923లో కైరో రైల్వే స్టేషనులో ముఖం మీది ముసుగు తీసింది. అదే పర్షియా తర్వాత ఇరాన్ అయింది. 1936లో అక్కడి రాజు ముసుగు వేసుకోకూడదని పోలీసులను పెట్టాడు, 1979 విప్లవం తర్వాత వచ్చిన ప్రభుత్వం వేసుకుని తీరాలంది. వద్దన్న ఆడవాళ్ళు ఈ రోజుకీ అక్కడ జైళ్ళు చూస్తున్నారు. రెండుసార్లూ ఆడవాళ్ళను అడిగినవాడు లేడు. కాకినాడ పిల్ల మొదట అడిగింది బట్ట గురించి కాదు. వాళ్ళు వచ్చి కూర్చుని వినే చోటు గురించి అడిగింది. నా మట్టుకు నాకు ఆ పద్ధతే సరైనదనిపిస్తుంది. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు.

పెద్దయ్యాక, చిన్నప్పటి పెళ్లి ప్రకారం కాపురానికి పోనని దుర్గ చెప్పేసింది. తండ్రి, తమ్ముడు ఆమె పక్షమే నిలబడ్డారు. అప్పటి సమాజంలో ఇది జైలుకు పోవడం కంటే కష్టం. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే గుమ్మం దగ్గర ఆపిన కథ చాలామందికి తెలిసిందే.

ఇక పాప అడిగిన ప్రశ్న. 1930లో హోసూరు, కాకినాడ, మద్రాసు అన్నీ ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. ఉప్పు చేసుకోవడం నేరమని ఇంగ్లీషువాళ్ళ చట్టం. ఆ చట్టాన్ని ధిక్కరించే సత్యాగ్రహాన్ని మద్రాసులో నడిపినందుకు దుర్గాబాయిని మే నెలలో పట్టుకుని ఒక ఏడాది శిక్ష వేశారు. ఉంచింది వేలూరు జైల్లో. మనం కృష్ణగిరి నుంచి వాణియంబాడి, ఆంబూరు మీదుగా చెన్నై పోయే దారిలో వచ్చే వేలూరే. 1933 లోపల మూడుసార్లు శిక్ష పడింది. మధుర జైల్లో ఉరిశిక్ష పడ్డ ఖైదీల గదుల పక్కన ఒంటరిగా ఉంచారు. ఆరోగ్యం పాడైపోయింది.

జైల్లో ఆమె చూసింది ఇంకొకటుంది. హత్య కేసుల్లో శిక్ష పడ్డ పల్లెటూరి ఆడవాళ్ళు. తమ మీద ఏం రాశారో చదువుకోలేరు, కోర్టులో ఏం మాట్లాడుకున్నారో అర్థం కాదు, వాళ్ళ తరఫున అడిగే మనిషి లేడు. బయటికొచ్చాక లాయరు చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది.

కానీ ఆమె బడి మానేసిన మనిషి కదా! ఇరవై ఏళ్ళు దాటాక మళ్ళీ పుస్తకం పట్టి, బనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష పాసయ్యింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పోతే ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి సీటు కుదరదన్నారు. పేపర్లో ప్రకటన వేసి, తనలా చదవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి, హాస్టల్ తనే మొదలుపెట్టింది. తర్వాత మద్రాసులో లా చదివి 1942లో లాయరయ్యింది. చదువుకుంటూనే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. మద్రాసులో ఉన్న తెలుగు ఆడపిల్లలను, వయసు మీరిన స్త్రీలను మెట్రిక్‌కు తయారుచేయడం దాని మొదటి పనుల్లో ఒకటి. సొంత రాష్ట్రం కాని చోట తెలుగువాళ్ళు చదువు ఎలా నిలబెట్టుకున్నారో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

1946లో రాజ్యాంగ సభకు వెళ్ళింది. చిన్నప్పుడే హిందీ నేర్పిన మనిషి అయినా, అక్కడ హిందీ విషయంలో దక్షిణాది వాళ్ళను తొందరపెట్టవద్దని గట్టిగా వాదించింది. 1953లో సి.డి. దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకుంది. అదే ఏడు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యింది. బడి మధ్యలో ఆగిపోయిన పెద్ద వయసు స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్షకు తయారుచేసే కోర్సులు ఆ బోర్డు ద్వారా నడిచాయి. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూసింది.

మన దగ్గర ప్రతి ఏడూ ఎనిమిదో తరగతి, పదో తరగతి అయ్యాక కొందరు అమ్మాయిల టీసీ కోసం వస్తారు. కారణం దూరమంటారు, బస్సంటారు, పెద్దపిల్ల అయిందంటారు, మా వాళ్ళలో పంపరు అంటారు. టీసీ ఆపే హక్కు నాకు లేదు. ఇవ్వక ముందు ఒక పావుగంట కూర్చుని మాట్లాడతాను, అంతే. అమ్మాయి కూడా పక్కనే ఉండాలి. ఆ పిల్లను కూడా అడగాలి కదా.

తల్లుల్లో ఎవరైనా పదో తరగతి ఆగిపోయినవాళ్ళుంటే, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ పరీక్ష తెలుగులో కూడా రాయొచ్చు. వివరాలు ఆఫీసులో ఉన్నాయి. శనివారం ఉదయం రండి. మగవాళ్ళ ముందు మాట్లాడడం ఇబ్బందైతే మన టీచరమ్మలు వేరే గదిలో కూర్చుని చెబుతారు.