చిత్రవిమర్శకుడు ముళ్లపూడి వెంకటరమణగారు

ఇతరులు చేసిన పనిని చూచి బాగున్నదనియో బాగులేదనియో ఒక్కమాట చెప్పుట మిక్కిలి సులభము. ఆ మాటకు తగిన కారణము చూపుట కొంత కష్టము. ఆ పనినే తాను చేసి, తాను పూర్వము పరులను తూచిన రాళ్లతోనే తన్నును తూచుడని లోకము నెదుట నిలుచుట అన్నిటికంటెను కష్టము. ఈ మూడు మెట్లను ఎక్కిన యొక తెలుగు రచయిత జీవితమును ఈ సంచికలో మా పాఠశాల బాలబాలికలకు తెలుపదలచితిమి. వారు ముళ్లపూడి వెంకటరమణగారు. బుడుగును సృష్టించిన హాస్యరచయితగా వారిని తెలుగువారందరును ఎరుగుదురు. కాని యౌవనమున వారు పత్రికలో సినిమాలను విమర్శించుచు జీవించిరని నేటి విద్యార్థులలో పెక్కుమంది యెరుగరు. వారు 2011వ సంవత్సరమున కాలధర్మము నొందిరి. నేడు మన తరగతులలో కూర్చున్నవారిలో అనేకులు అప్పటికి పుట్టనే లేదు.

రమణగారు 1931 జూను 28వ తేదీన ధవళేశ్వరమున జన్మించిరి. తల్లి ఆదిలక్ష్మిగారు, తండ్రి సింహాచలముగారు. తండ్రిగారు అచ్చటి ఆనకట్ట కచేరీలో ఉద్యోగి. కాటన్ దొరగారి పూనికతో 1847 మొదలు 1852 వరకు కట్టబడిన ఆ ఆనకట్టయే మన కోనసీమ కాలువలకు నీరిచ్చి, ఈ సీమను సస్యశ్యామలము చేసినది. కాబట్టి మన చేలకు నీరు బయలుదేరు చోటనే వారి శైశవము గడచినదనవచ్చును.

ఆ సుఖము చిరకాలము నిలువలేదు. రమణగారు బాలుడై యుండగనే తండ్రి గతించిరి. తల్లి కుమారుని వెంటబెట్టుకొని చెన్నపట్టణము చేరి, తన కాయకష్టముతో కుటుంబమును నెట్టుకొని వచ్చిరి. చదువు కొంత రాజమహేంద్రవరమునను, కొంత చెన్నపట్టణమునను సాగెను. హైస్కూలు దాటిన పిదప కళాశాల మెట్లెక్కు భాగ్యము వారికి లేకపోయెను. అయినను ఆ పాఠశాల వారికి జీవితాంతము వీడని యొక మిత్రుని ఇచ్చెను. మన సఖినేటిపల్లి రేవునకు వసిష్ఠగోదావరి ఆవలి యొడ్డుననున్న నరసాపురమున పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణగారే ఆ మిత్రుడు. బాపు అను పేర లోకప్రసిద్ధుడైన చిత్రకారుడు. 1945లో న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు పిల్లలకొరకు బాల అను మాసపత్రికను నెలకొల్పిరి. ఆ పత్రికలోనే ఒకరి రచనలును, వేరొకరి బొమ్మలును తొలిసారి అచ్చుపడెను. పిల్లల పత్రికలో వచ్చిన నాలుగు పంక్తులను చిన్నచూపు చూడరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

1950వ దశకపు పూర్వార్ధమున రమణగారు ఆంధ్రపత్రికలో ఉపసంపాదకులుగా చేరిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా మార్చిన పత్రిక అది. అక్కడ రమణగారికి అప్పగింపబడిన పనులలో సినిమాల సమీక్ష యొకటి. ఆనాడు తెలుగు చిత్రములు చాలవరకు చెన్నపట్టణముననే తయారగుచుండెను. విమర్శకుడు ఏ వీధిలో నడచినను తాను విమర్శించిన నిర్మాతయో, నటుడో ఎదురుపడు అవకాశముండెను. అట్టి చోట నిజము వ్రాయుట ఎంతటి పనియో చదువరులే ఊహింపవచ్చును.

ఆ కాలపు చిత్రములు ఒక తీరువి కావు. 1955లో మిస్సమ్మ వంటి సాంఘిక హాస్యచిత్రమును, కన్యాశుల్కము వంటి నాటకమునుండి తీసిన చిత్రమును వెలువడెను. 1957లో మాయాబజార్, 1958లో భూకైలాస్ వంటి పౌరాణికములు వచ్చెను. వీనికి తోడు కత్తియుద్ధముల జానపదములు, అరవమునుండి గొంతు మార్చుకొని వచ్చిన డబ్బింగు చిత్రములు, హిందీ చిత్రములు, ఇంగ్లీషు చిత్రములు. వీని నన్నిటిని ఒకే కొలతతో కొలువరాదు. పౌరాణికమున మాయలు లేవని నిందించుట ఎంత తగునో, సాంఘికమున మాయలు జరిగినవని మెచ్చుటయు అంతే తగును. ఏ చిత్రము ఏమి చేయబూనినదో ముందు గ్రహించి, పూనిన పనిని అది నెరవేర్చినదా లేదా అని పరీక్షించుట విమర్శకుని ప్రథమ ధర్మము.

రెండవ ధర్మము క్లుప్తత. మూడు గంటల చిత్రమును చూచి, దాని కథను, నటనను, ఛాయాగ్రహణమును, సంగీతమును, మాటలను పత్రికలో ఇచ్చిన కొద్దిపాటి జాగాలో తేల్చవలయును. అందు ఒక్కొక్క మాటకు ఒక్కొక్క మనిషి శ్రమ బదులు పలుకవలసియుండును. ఒక పంక్తిలో నటుని కీర్తి ఏర్పడును; ఒక పంక్తిలో అప్పుచేసి చిత్రము తీసినవాని ఆశ అణగిపోవును. వేరొకప్రక్క ప్రేక్షకుడున్నాడు. మన కోనసీమలో ఆ రోజులలో కూలిపని చేసి అణాలు కూడబెట్టుకొని, సాయంకాలము మైళ్లకొలది నడచి, డేరా సినిమాలో నేలపై కూర్చుండి చిత్రము చూచువారు వేలకొలది యుండిరి. చెడ్డ చిత్రమును మంచిదని వ్రాసిన విమర్శకుడు వారి అణాలను అపహరించినవాడే. మంచి చిత్రమును పరిహాసముకొరకు చెడ్డదనినవాడు వారి సంతోషమును అపహరించినవాడే. కాబట్టి ఆ చిన్న తీర్పు చిన్నది కాదు.

రమణగారు ఈ పనికి తెచ్చిన ఆయుధము హాస్యము. వారు దూషింపక నవ్వించిరి. ఒకే మూసలో పోసిన కథలను, కారణము లేకయే పాటలు పాడు నాయికానాయకులను, అవసరము లేని కన్నీళ్లను వారు పరిహసించిన తీరు చదివి, పరిహాసమునకు గురియైనవారు సైతము నవ్వుకొనవలసివచ్చెను. విక్రమార్కుని మార్కు సింహాసనము, గిరీశం లెక్చర్లు అను రచనలలో సినిమాలోకమునే ఇతివృత్తముగా గైకొని వ్యంగ్యమును పండించిరి. ఇదే కాలమున, 1956, 57 సంవత్సరములలో, ఆంధ్రపత్రిక వారపత్రికలో బుడుగు వెలువడెను. పెద్దలు కప్పిపుచ్చు సంగతిని పసివాడు నిర్భయముగా పైకి చెప్పుటయే బుడుగులోని రహస్యము. మంచి విమర్శయొక్క రహస్యమును అదియే.

తరువాత విమర్శకుని జీవితమున విచిత్రమైన మలుపు వచ్చెను. ఎవరి చిత్రములలో ఆయన తప్పులెన్నిరో, ఆ సినిమావారే ఆయనను పిలిచి మాటలు వ్రాయుమనిరి. 1962లో వచ్చిన రక్తసంబంధము చిత్రమునకు వారు సంభాషణలు వ్రాసిరి. 1964లో దాగుడుమూతలు, మూగమనసులు చిత్రములలోను వారి కలము పనిచేసెను. ఒడ్డున కూర్చుండి ఈతగానిని తప్పుపట్టినవాడు ఇప్పుడు స్వయముగా నీటిలో దిగెను.

ఆ మీదట బాపురమణలు తామే ఒక చిత్రము తీయ సంకల్పించి, దానికి తగిన చోటును వెదకుచు మన సీమకే వచ్చిరి. అదియే 1967లో విడుదలయైన సాక్షి. రమణగారు పూర్వము వ్రాసిన కథయే దానికి ఆధారము. బాపుగారు దర్శకత్వము వహించిన తొలి చిత్రమదియే. కొత్తపేట ప్రాంతమున ఆత్రేయపురము మండలములోని పులిదిండి గ్రామమున దానిని చిత్రించిరి. స్టూడియోలోని అట్టగోడలకు మారుగా గోదావరి గట్టు, పల్లెయిండ్లు, రేవు, చెట్లు అందు కనబడును. కృష్ణగారు, విజయనిర్మలగారు నాయికానాయకులు.

ఆ కథను మా విద్యార్థులు తెలిసికొనదగును. రేవు దాటించు కిష్టయ్య అను అమాయకుడు ఒక హత్యను కన్నులార చూచును. ఊరివారి ప్రోద్బలముతో న్యాయస్థానమున ఉన్నది ఉన్నట్లు సాక్ష్యమిచ్చును. హంతకుడు చెరనుండి తప్పించుకొని పగతీర్చుకొన వచ్చుచున్నాడని తెలియగనే, అంతవరకు మెచ్చుకొన్న ఊరు తలుపులు మూసికొనును. నిజము చెప్పినవాడు ఒంటరివాడగును. 1952లో వచ్చిన హై నూన్ అను అమెరికా చిత్రముతో దీనికి పోలిక గలదని రసజ్ఞులు చెప్పుదురు. అయినను అందలి మనుష్యులు, మాట, నీరు, మన్ను మనవే. ఈ చిత్రము సోవియట్ దేశమున తాష్కెంటు నగరపు చలనచిత్రోత్సవములోను ప్రదర్శింపబడెను. పులిదిండి రేవు అంతదూరము ప్రయాణము చేసినదన్న సంగతి మనకు గర్వకారణము.

ఈ కథకును కథకుని పూర్వవృత్తికిని గల సంబంధమును మేము కాకతాళీయమని తలపజాలము. విమర్శకుడును సాక్షియే. చూచినదానిని చూచినట్లు చెప్పుట అతని పని. చెప్పునపుడు మెచ్చువారు పలువురు. చెప్పిన పిమ్మట తోడు నిలుచువారు కొందరు.

చిత్రనిర్మాతలైన పిదప బాపురమణలకు జయమే కాదు, అపజయమును కలిగెను. 1968 నాటి బంగారుపిచ్చుక ధనమును తేలేదు. తరువాత సంపూర్ణ రామాయణము, 1973లో గోదావరిపై పడవప్రయాణమును చూపు అందాలరాముడు వచ్చెను. 1975లో వచ్చిన ముత్యాలముగ్గు ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము నందెను. 1976 నాటి సీతాకల్యాణము విదేశములలోని ఉత్సవములకు వెళ్లెను. ప్రేక్షకులు ఒకప్పుడు ఆదరించిరి, ఒకప్పుడు త్రోసిపుచ్చిరి. రమణగారు పరులకిచ్చిన తీర్పుల వంటి తీర్పులే వారికిని వచ్చెను. వానికి జడిసి వారు కలము పడవేయలేదు. వృద్ధాప్యమున కోతికొమ్మచ్చి అను పేర ఆత్మకథ వ్రాసి, తమ పేదరికమును, అప్పులను, పొరపాట్లను సైతము నవ్వుచు చెప్పుకొనిరి. పరులను నవ్విన నోటితో తన్ను తాను నవ్వుకొనగలుగుటయే న్యాయబుద్ధికి గురుతు.

2011 ఫిబ్రవరి 24వ తేదీన చెన్నపట్టణమున వారు పరమపదించిరి. వారు కడపట రచించిన శ్రీరామరాజ్యము ఆ సంవత్సరము నవంబరులో, వారి మరణానంతరము విడుదలయ్యెను. బాపుగారు 2014 ఆగస్టు 31వ తేదీన మిత్రుని అనుసరించిరి. రమణగారి సినిమా రచనలు సినీరమణీయము అను పేర గ్రంథరూపమున వెలువడినవి. వారు తూచిన చిత్రములలో పెక్కింటిని నేడు చూచువారు లేరు. వానిపై వ్రాసిన పంక్తులను మాత్రము చదువువారున్నారు.

నేడు ప్రతివారి చేతిలోను సెల్లుఫోను ఉన్నది. చిత్రము సగమైన కాకమునుపే దానికి నక్షత్రములు వేసి, ఒక్క మాటతో పైకెత్తుటయో పాతిపెట్టుటయో జరుగుచున్నది. సహపాఠి పాడిన పాటకును, వ్రాసిన పద్యమునకును, వేసిన వేషమునకును మనము అట్టి తీర్పులనే ఇచ్చుచున్నాము. బాలబాలికలారా, తీర్పు చెప్పవద్దని మేము చెప్పము; చెప్పవలసినదే. కాని చెప్పుటకు ముందు తుదిదాక చూడుడు. చెప్పునపుడు కారణముతో చెప్పుడు. చెప్పిన పిమ్మట, అదే పనిని మిమ్ము చేయుమనినచో వెనుదీయక చేయుడు. ఈ మూడింటిని ధవళేశ్వరమునుండి వచ్చిన తండ్రిలేని బాలుడొకడు చేసి చూపెను. మీలో ఎవరైనను పులిదిండివైపు పోవునపుడు ఆ గోదావరి గట్టున ఒక నిమిషము నిలిచి, నిజము చెప్పి ఒంటరియైన కిష్టయ్యను తలచుకొనుడు.