బూట్ల అంగడి నుండి వచ్చిన మూడీ

ఎఱ్ఱకన్ను, నల్ల పొగగొట్టము, కసాయి మాడెన్. ఒకప్పుడు షికాగో వీధులలో తిరుగు పిల్లలకు ఇట్టి పేర్లుండెడివి. వారిని ఆ పేర్లతోనే ఎరిగి, చేరదీసినవాడు బూట్లమ్ముకొను ఒక యువకుడు. అతడే డి. ఎల్. మూడీ.

ఆయన 1837లో అమెరికాలోని నార్త్‌ఫీల్డు గ్రామమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి చనిపోయెను. తల్లి తొమ్మండుగురు బిడ్డలతో మిగిలెను. పదునేడవ యేట బోస్టను చేరి, మేనమామ బూట్ల అంగడిలో కొలువు కుదిరెను. క్రమముగా దేవాలయమునకు పోవలెనన్నది మేనమామ పెట్టిన షరతు. అక్కడ అతనినెరిగినవారు లేరు. తొలినాడు బైబిలు తరగతిలో యోహాను సువార్త తీయుమనగా, పాపమీ పల్లెటూరివాడు ఆదికాండములో వెదకసాగెను! తోటివారు ఒకరినొకరు చూచుకొని నవ్విరి. ఉపాధ్యాయుడైన కింబల్ ఏమియు ననక, తన బైబిలునే ఆ పుట తెరచి అతని చేతికిచ్చెను.

1855 ఏప్రిలులో ఆ కింబలే అంగడికి వచ్చెను. పనివేళ కదా, తోటి గుమాస్తాలు ఎగతాళి చేయుదురేమోయని జంకి, ముందు గుమ్మము దాటిపోయి, మరల వెనుదిరిగెను. లోపల మూడీ బూట్లను కాగితములలో చుట్టి అరలలో పెట్టుచుండెను. కింబల్ అతని భుజముపై చేయివేసి క్రీస్తు ప్రేమను గూర్చి చెప్పెను. బేరమునకు గాక తన కొరకే ఒకరు ఆ అంగడి మెట్లెక్కుట మూడీ మరువలేదు. అయినను మరుసటి నెలలో సంఘ పెద్దలు ప్రశ్నలడుగగా సరిగా చెప్పలేకపోయెను. సభ్యత్వమునకు సుమారొక సంవత్సరము ఆగవలసి వచ్చెను.

1856లో షికాగో చేరి అక్కడను బూట్లే అమ్మెను. ఖాతాదారుని ముఖము, పేరు గుర్తుంచుకొననివానికి వర్తకము సాగదని మన సంతలలోని వారికిని తెలియును. మూడీ ఈ నేర్పును దేవాలయమునకు తెచ్చెను. నాలుగు బల్లలు అద్దెకు తీసికొని, యువకులను పిలిచి నింపెను. ఒక ఆదివారపు బడిలో తరగతి నిమ్మని కోరగా, ఉపాధ్యాయులు చాలినంతమంది యున్నారు, పిల్లలను నీవే తెచ్చుకొనుమనిరి. మరుసటి ఆదివారము పదునెనిమిదిమంది చింకిగుడ్డల పిల్లలతో వచ్చెను. తరువాత తానే ఒక బడి పెట్టెను. జేబుల నిండ మిఠాయి పెట్టుకొని సందులు తిరిగెడివాడు. క్రిస్మసు వరకు మానక వచ్చిన బాలురకు క్రొత్త దుస్తులిత్తునని మాటయిచ్చి, నిలుపుకొనెను. 1860లో లింకను ఆ బడిని చూడవచ్చెను. ఆ యేడే మూడీ వ్యాపారము విడిచెను.

1864లో ఆ పిల్లల కొరకు, వారి తలిదండ్రుల కొరకు ఇల్లినాయి వీధిలో మందిరము కట్టిరి. పరదేశులకును పేదలకును ఇచ్చట ఎల్లప్పుడు స్వాగతమని వెలుపల వ్రాయించిరి. 1871 అక్టోబరులో నగరమును దహించిన అగ్నిలో అది కాలిపోయెను. ఆ డిసెంబరులోనే, క్రిస్మసుకు ముందటి దినమున, హడావిడిగా లేపిన తాత్కాలిక మందిరములో వారు తిరిగి కూడిరి.